గుట్ట ఊపిరి విన్న ఇంజినీరు

పందొమ్మిది వందల తొంభై ఒకటి, జూలై ఒకటవ తేదీన మా నగరపాలక సంస్థ పారిశుద్ధ్య విభాగంలో సహాయ ఇంజినీరుగా బాధ్యతలు స్వీకరించిన నాడు, నేడు పదవీ విరమణ చేస్తున్న మన ముఖ్య ఇంజినీరుగారికి కేటాయించిన గదిలో ఒక కుర్చీ, తలుపు సరిగా పడని ఒక బీరువా, చెత్తగుట్ట వైపున్న ఒక కిటికీ మాత్రమే ఉండేవి. వాసన భరించలేక ఆ కిటికీని ఎవరో ఎప్పుడో మేకులు కొట్టి బిగించేశారు. ఆమె చేరిన పూటే ఆ మేకులు పీకించారు. "రోజూ ముఖం చూడకపోతే దాని మంచిచెడ్డలు మనకెలా తెలుస్తాయండీ?" అని అడిగితే, పక్కగది గుమాస్తాగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మరీ నవ్వారట.

ఆ రోజుల్లో చెత్త పారబోయడమంటే గొయ్యి కనిపించిన చోట లారీ తొట్టి ఎత్తి ఒంపేయడమే. వాన నీరు ఆ కుప్పల్లోంచి నల్లగా ఊరి, చుట్టుపక్కల బావుల్లోకి చేరేది. కొత్త యార్డుకు నమూనా తయారు చేసే భారం తనపై పడినప్పుడు ఆమె అడుగున బంకమట్టిని పొరలుపొరలుగా దిమ్మిస కొట్టించి, దానిపై మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిపించి, ఆపైన కంకర పోయించి, ఆ కంకరలో చిల్లుల గొట్టాలు వేయించి నల్లనీటిని శుద్ధి చేసే తొట్టెలకు మళ్లించారు. ఏ రోజు చెత్తపై ఆ రోజే మట్టి కప్పాలన్న నియమాన్ని పట్టువిడవకుండా అమలు చేయించారు. పాత గుట్టనూ మూయించి, దానిపై గడ్డి నాటించారు. ఎండ మండుతున్నా గొడుగు వేసుకుని ఆ గుట్ట చుట్టూ తిరుగుతుండడం చూసి సిబ్బంది ఆమెకు 'గుట్టమ్మ' అని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడిన రోజున ఆమె కోప్పడలేదు సరికదా, సెలవు చీటీ కింద ఆ పేరే రాసి పంపి అందర్నీ హడలెత్తించారు. వారి చిన్నారి కుమార్తెను బడిలో "మీ అమ్మ ఏం చేస్తుంది?" అని అడిగితే, "చెత్తకి దుప్పటి కప్పి నిద్రపుచ్చుతుంది" అందట. ఈ మాటను వారి శ్రీవారు నేటికీ ఇంటికి వచ్చిన ప్రతివారికీ చెబుతూనే ఉంటారు.

ఆమె కార్యనిర్వాహక ఇంజినీరుగా పదోన్నతి పొందిన కొద్దికాలానికి జరిగిన సంఘటనను ఈ వీడ్కోలు సంచికలో నమోదు చేయకపోతే మా విభాగ చరిత్ర అసంపూర్ణంగా మిగిలిపోతుంది. పాత గుట్టను ఆనుకుని ఒక వరస ఇళ్లు వెలిశాయి. ఆ వరసలో చిట్టచివరి ఇంట్లో భర్త పోయిన ఒక వృద్ధురాలు ఒంటరిగా ఉండేవారు. ఆవిడ ఒకనాడు కార్యాలయానికి వచ్చి, "మా ఆయన వంటింటి నేల కింద ఊపిరి తీస్తున్నాడమ్మా. బతికున్నప్పుడు కూడా అంతే, ఉబ్బసం మనిషి" అని చెప్పారు. గదిలో ఉన్నవారంతా ముఖాలు చూసుకున్నారు. గుట్టమ్మగారు మాత్రం వాయువును కొలిచే మీటరు సంచిలో వేసుకుని ఆవిడ వెంట నడిచారు.

ఆకాశం నిర్మలంగా ఉంది. వంటిల్లు అద్దంలా ఉంది. మీటరు సూది కదలలేదు. "ఏమీ లేదు మామ్మగారూ" అన్నారామె.

"ఇప్పుడెందుకుంటాడు? మబ్బు పట్టినప్పుడే వస్తాడు."

ఆ మాటతో తనకు అసలు సంగతి తట్టిందని ఆమె తరువాత మాతో అన్నారు. మబ్బు కమ్ముకొచ్చినప్పుడు గాలి పీడనం తగ్గుతుంది. అప్పుడు గుట్ట గర్భంలో కుళ్లి పుట్టిన వాయువు దారి వెతుక్కుంటూ నేల కిందుగా పక్కలకు పాకుతుంది. పాత గుట్టకు అడుగున పట్టా లేదు, పక్కన అడ్డూ లేదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆకాశం సీసంలా మారింది. ఆమె భోజనం డబ్బా మూసి, మీటరు తీసుకుని ఆ చివరి ఇంటికి వెళ్లారు. ఆ వంటింట్లో పొయ్యి వెలగలేదు, గాలి ఆడలేదు. మీటరు నేల పగులు దగ్గర పెట్టగానే సూది చివరికంటా వెళ్లి అక్కడే వణుకుతూ నిలిచింది. ఆమె మోకాళ్లపై వంగి చెవి నేలకు ఆనించారు. లోపల ఎవరో శ్వాస వదులుతున్నారు. నీరసంగా, దీర్ఘంగా. ఆ తరువాత తీసుకుంటున్నారు కూడా.

"వినపడ్డాడా తల్లీ?" అని వృద్ధురాలు ఆత్రంగా అడిగారు.

"వినపడ్డారు. పదండి, బయటికి వెళ్దాం. స్విచ్చి ముట్టుకోకండి."

వరస మొత్తం ఖాళీ చేయించాలని ఆమె పట్టుబట్టినప్పుడు, అక్కడికి చేరుకున్న ఉన్నతాధికారి మండిపడ్డారు. "ఒక్క ఇంట్లో వాసన వస్తే వీధి వీధంతా రోడ్డున పడేస్తారా? రేపు పేపర్లో పడితే ఎవరు జవాబు చెబుతారు?"

"నేనే చెబుతానండీ. లోపల మనుషులుంటే మాత్రం చెప్పడానికి నాకు నోరుండదు."

ఆయన అనుమతి కోసం ఆగకుండా ఆమె ఇంటింటి గడపా తొక్కారు. నిద్రపోతున్న పసిపిల్లల్ని ఎత్తుకుని తల్లులు బయటికి వచ్చారు. ఒక దర్జీ కుట్టుమిషను వదలనని మొరాయిస్తే, "మిషను మళ్లీ కొనిపిస్తాను, మిమ్మల్ని ఎక్కడ కొనను?" అని చెయ్యి పట్టి లాక్కొచ్చారు. స్తంభం దగ్గర కరెంటు తీయడానికి మనిషి నిచ్చెన వేస్తూ ఉండగానే, చివరి ఇంట్లో ఫ్రిజ్ తనంతట తాను మొదలయ్యింది. ఆ చిన్న చప్పుడు రోడ్డు మీదకు వినిపించింది. మరుక్షణం వంటింటి నేల గుమ్మటంలా లేచి విరిగింది. కిటికీలు ఊడి వీధిలో పడ్డాయి. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. ఉన్నతాధికారి ఆమె దగ్గరికి వచ్చి, "ఏం చేయాలో మీరే చెప్పండి" అన్నారు.

ఆమె పర్యవేక్షణలో గుట్టకూ ఇళ్లకూ నడుమ లోతైన కందకం తవ్వి, కంకర నింపి, ఇళ్లవైపు ప్లాస్టిక్ తెర దించి, వాయువు పైకి పోయేలా ఎత్తైన ఇనుప గొట్టాలు నిలబెట్టారు. ఆ వంటింటినీ మళ్లీ కట్టించారు. ఇళ్లు నిశ్శబ్దమయ్యాయి. అందరూ సంతోషించారు, ఒక్కరు తప్ప.

"ఇప్పుడు మబ్బు పట్టినా ఏమీ వినపడటం లేదమ్మా. ఆయన్ని ఎక్కడికి పంపేశావు?" అని వృద్ధురాలు అడిగారు.

పీడనం గురించి చెప్పబోయి ఆమె ఆగిపోయారు. ఆవిడ చెయ్యి పట్టుకుని దగ్గర్లో ఉన్న గొట్టం వద్దకు నడిపించుకెళ్లారు. వృద్ధురాలు చల్లని ఇనుముకు చెంప ఆనించి విని, "అలిసిపోయినట్టున్నాడు పాపం" అని నవ్వారు. మరుసటి వారం అక్కడ ఒక సిమెంటు బల్ల వెలిసింది. ఆవిడ కన్నుమూసే వరకు మబ్బు పట్టిన ప్రతిరోజూ ఆ బల్లపై కూర్చునేవారు.

అనంతరం పర్యవేక్షక ఇంజినీరుగా, ముఖ్య ఇంజినీరుగా ఆమె గుట్ట వాయువుతో విద్యుత్తు తీయించారు, నల్లనీటి తొట్టెలను విస్తరింపజేశారు, తన చేతికింద మమ్మల్నందరినీ తీర్చిదిద్దారు. ఇన్నేళ్లలో ఆమె నోట 'తెలియదు' అన్న మాట ఒకే ఒక్కసారి విన్నాం. "వాయువు బయటికి రావడం నాకు అర్థమయ్యింది. లోపలికి తీసుకోవడం ఎలాగో ఇప్పటికీ తెలియదు" అన్నారు.

పాత గుట్టలో వాయువు ఏనాడో తరిగిపోయింది. ఏళ్ల తరబడి మీటరు సున్నా చూపుతుండడంతో గొట్టాలను తొలగించవచ్చని ఆమె గత నెలలో ఉత్తర్వు జారీ చేశారు, ఒక్కదాన్ని మినహాయించి. ఆమె స్థానంలోకి రానున్న అధికారి కారణం అడిగితే, మబ్బుగా ఉన్న ఒక ఉదయం ఆయన్ని ఆ బల్ల దగ్గరకు తీసుకెళ్లారు. ఆయన గొట్టానికి చెవి ఆనించి, కాసేపటికి రెండడుగులు వెనక్కి వేశారు. "ఇద్దరున్నారేంటండీ?" అని మాత్రం అన్నారు. తిరుగుదారిలో ఆయనే, "అది అలాగే ఉండనిద్దాం మేడమ్" అన్నారు.

కర్తవ్యమే శ్వాసగా సేవలందించిన మన గుట్టమ్మగారు, ఇంతకాలం నేల లోపలి సంగతులు కనిపెట్టి చూసిన ఆ కళ్లతో ఇక నేలపైని పచ్చదనాన్ని తీరిగ్గా చూడాలని, శ్రీవారితో, కుమార్తెతో, మనుమరాలితో కలిసి ఆయురారోగ్యాలతో, నిశ్చింతగా నిండు నూరేళ్లు వర్ధిల్లాలని, మబ్బు కమ్మిన రోజులలో సైతం హాయిగా ఇంటిపట్టున ఉండి నిద్రపోవాలని మా విభాగమంతా మనసారా ఆకాంక్షిస్తోంది.