ఈ నెల నాకు నచ్చిన రుచులు

మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. అపార్ట్‌మెంటులో ఒక ఇరుకు వంటిల్లు. అందులో వదినా, ఆడపడుచూ.

"ఇంకెన్నిసార్లు పుక్కిలిస్తావ్ పిట్టా? ట్యాంకు ఖాళీ అయిపోతుంది."

"పోవట్లేదు వదినా. నాలిక మీద జిగురులా పట్టేసింది. ఇంకాస్త ఉప్పు వెయ్యి."

"వేశానుగా. అసలేం తిన్నావే తల్లీ? హోటళ్ళన్నీ తిరిగి బ్లాగులో రుచులు రాసేదానివి, నీ నోటికే ఈ గతి పడితే ఎలా?"

"ఏం తినలేదో అడుగు. 'ఈ నెల నాకు నచ్చిన రుచులు' రేపు పెట్టాలి. జనం ఎదురుచూస్తున్నారు. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి నచ్చి చావలేదు."

"అదేదో కొత్తగా తెరిచారటగా, బ్లాగులన్నీ ఊదరగొట్టేస్తున్నాయి. మెట్లు దిగి కిందకి వెళ్ళాలట. అక్కడికి వెళ్ళలేదా?"

"వెళ్ళా. పళ్ళెం నిండా తెల్లటి నురగ తెచ్చి పెట్టాడు. 'సముద్రపు ఊపిరి' అట దాని పేరు. జలుబు చేసినవాడెవడో ఊసిపోయినట్టుంది వదినా."

"ఛీ! నేను తింటున్నానే!"

"తింటూ వినకు మరి. ఆ నురగ కింద వేలెడు చేపముక్క. అదీ పచ్చిదే. కొరికితే చల్లగా, మెత్తగా, ఎవరిదో చెవితమ్మె కొరికినట్టుంది."

"యాక్. ఇదిగో, పళ్ళెం పక్కన పెట్టేశా. సంతోషమా?"

"ఇంకో చోట కేకు పూలకుండీలో పెట్టిచ్చారు. పైన మట్టిలా పొడి. తవ్వుకుని తినాలట. తవ్వితే కుండీ అంచున పాత కేకు పచ్చగా బూజు పట్టి ఉంది. అది కూడా అలంకారమేనా అని అడిగితే, వెళ్ళి కనుక్కొస్తానన్నాడు."

"కనుక్కొచ్చాడా?"

"మళ్ళీ కనపడితేగా! ఇక ఆ చీజ్ సాగదీసే చోటు లేదూ, అందరూ ఫోన్లలో చూపిస్తుంటారు..."

"ఆఁ, తాడులా సాగుతుంది. మన అమ్మాయి ప్రాణం తీస్తోంది తీసుకెళ్ళమని."

"తీసుకెళ్ళకు. వడ్డించేవాడు గ్లవ్స్ వేసుకునే చెవి గోక్కున్నాడు, ముక్కు తుడుచుకున్నాడు, అదే చేత్తో ఎత్తి మూరెడు పొడుగు సాగదీశాడు. చుట్టూ చప్పట్లు! ఒక్కడూ తినడే, అందరూ ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. అది చల్లారి, చెప్పుకి అంటుకున్న బబుల్‌గమ్‌లా అయ్యాక అప్పుడు తిన్నారు."

"గ్లవ్స్ ఉంటే శుభ్రమే అనుకుంటాం."

"శుభ్రం వాడి చేతికి. మన నోటికి కాదు."

"ఇవన్నీ ఎందుకు చెప్పు. మీ అన్నయ్య హోటలుకి వెళ్ళి ఇంత తినొచ్చేయకూడదూ? పోయిన నెల నువ్వు రాసినప్పట్నించీ అక్కడ కుర్చీ దొరకట్లేదట. ఆ గ్రేవీ కోసం వీధి మలుపు దాకా నిలబడుతున్నారట. ఓనరు వచ్చి ఈయన భుజం తట్టాడట."

"ఆఁ."

"'ఆఁ' ఏంటి? ఇన్నేళ్ళూ ఒరే వంటోడా అని పిలిచినవాళ్ళు ఇప్పుడు షెఫ్ గారూ అంటున్నారట. చెప్పిందే చెప్పి చంపేస్తున్నారు నన్ను. అద్దంలో చూసుకుని మరీ టోపీ సర్దుకుంటున్నారే!"

"టీ పెట్టావా వదినా?"

"నీ ముందే ఉంది."

"ఇది వద్దు. ఆ రంగు చూస్తేనే తిప్పుతోంది."

"టీ రంగుకి కూడానా? కొంపదీసి విశేషమేమైనా..."

"అబ్బా, వదినా!"

"మరి చెప్పి ఏడవ్వేం? ఇవాళ ఎక్కడ తిన్నావ్?"

"ఒక చోట."

"ఏ చోట?"

"ఏదో హోటల్లే. పేరెందుకిప్పుడు. తిన్నాను, బాగుందనే అనుకున్నాను. చెయ్యి కడుక్కుందామని వెళ్ళి, పొరపాటున వంటింటి తలుపు తోశాను."

"ఊఁ."

"తిరిగొచ్చిన పళ్ళేలు వరసగా పెట్టున్నాయి. జనం తిని వదిలేసినవి. ఒక్కో పళ్ళెం ఎత్తడం, మిగిలిన గ్రేవీ గరిటెతో గీకడం, పెద్ద గిన్నెలో పొయ్యడం. పొయ్యి మీద ఉడుకుతున్న గిన్నెలో వదినా!"

"ఎంగిలా?"

"ఎంగిలే. ఒక పళ్ళెంలో ఎవరో నమిలి ఊసిన మాంసం ముక్క. దాన్ని వేలితో పక్కకి తోసి మిగతాది గీకాడు. ఇంకోదాంట్లో కాగితం రుమాలు గ్రేవీలో నాని ఉంది. దాన్ని తీసి పిండాడు. పిండాడు వదినా! గిన్నెలోకి!"

"చాలు, చాలు, నాకు డోకొస్తోంది. వాడి చేతులు విరిగిపోను! నువ్వు ఊరుకున్నావా?"

"నోరు రాలేదు."

"నీకా? నురగ బాలేదని పేజీలు పేజీలు రాసేదానివి, దీనికి నోరు రాలేదా? రాయి. పేరు పెట్టి మరీ కడిగి పారెయ్. పిల్లలు తింటారే అక్కడ. ఎవడికి ఏ రోగముందో ఏమో. ఆ వెధవ పని చేసినవాడికి ఇంట్లో పెళ్ళాంబిడ్డలు లేరా?"

"ఉన్నారు."

"నీకెలా తెలుసు?"

"నేను వెళ్తాను వదినా. లేటయింది."

"కూర్చో. ఇటు చూడు. ఏ హోటలది?"

"వదిలెయ్ వదినా."

"పిట్టా. ఈయన పనిచేసేదేనా?"

"అదే."

"అయ్యో. అయితే అంట్లు తోమేవాళ్ళెవరో అయ్యుంటారు. ఈయన కంటపడితే చెంప పగలగొట్టేవారు. మీ అన్నయ్య సంగతి నీకు తెలీదా, రుచి చూసిన గరిటె మళ్ళీ గిన్నెలో పెడితే ఇల్లెగిరిపోయేలా అరుస్తారు. అప్పుడు ఈయన అక్కడ లేరు. కదూ?"

"అన్నయ్యే వదినా."

"ఏంటి అన్నయ్యే?"

"గీకింది అన్నయ్యే. నన్ను చూశాడు. చూసి కూడా, చేతిలో ఉన్న పళ్ళెం పూర్తిగా గీకాకే పక్కన పెట్టాడు."

"ఆ టీ ఇలా ఇయ్యి, పారబోస్తా."

"ఏదైనా అను వదినా."

"రాయకు."

"వదినా!"

"రాయకే. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇప్పుడిప్పుడే తలెత్తుకు తిరుగుతున్నారు. నేను మాట్లాడతాను, మాన్పిస్తాను. మన మనిషే పిట్టా!"

"చేతులు విరిగిపోను అన్నావ్ ఇందాకేగా?"

"తెలీక అన్నాను!"

"మలుపు దాకా నిలబడ్డవాళ్ళందరూ నేను రాసింది చదివి వచ్చినవాళ్ళు వదినా. నన్ను నమ్మి వచ్చి ఆ ఎంగిలి తింటున్నారు. రేపు వాళ్ళకి ఏమని చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పు. ఒంట్లో బాలేదని చెప్పు. ఉండు, ఫోను. ఆయనే. స్పీకర్లో పెడుతున్నా, నువ్వు నోరు జారకు. హలో, ఏవండీ?"

"పిట్ట అక్కడికొచ్చిందా?"

"ఇక్కడే ఉంది. వింటోంది."

"ఏంటే పిట్టా, మాటా పలుకూ లేకుండా వెళ్ళిపోయావ్?"

"అన్నయ్యా, నువ్వు చేసిన పని..."

"అబ్బబ్బ, మొదలెట్టకు. అది కుతకుతా ఉడుకుతుందే, అందులో ఏ పురుగూ బతకదు. నువ్వు నెలనెలా మెచ్చుకుంటూ తిరుగుతావే, ఆ చోట్లన్నింట్లోనూ ఇంతే. లోపలికెళ్ళి చూడలేదు గనక నీకు తెలీదు."

"అందరూ చేస్తే నువ్వూ చేస్తావా?"

"చేస్తే ఏమైంది? పోయిన నెల ఏమని రాశావ్? 'ఈ గ్రేవీలో లోతుంది, ఎన్నెన్నో రుచులు ఒకదాంట్లో ఒకటి కరిగిపోయాయి' అని రాయలేదూ? ఆ లోతు ఎక్కణ్ణించి వచ్చిందనుకున్నావ్?"

"ఛీ! ఛీ, అన్నయ్యా..."

"అయ్యయ్యో, సింకు, సింకులో! ఇటు వంగు, జుట్టు నేను పట్టుకుంటా. ఆఁ, కానీ, కానియ్."

"ఏమైందే అక్కడ?"

"మీ చెల్లెలు కక్కుకుంటోంది."

"దాని నాటకాలు నాకు తెలీనివా? చిన్నప్పట్నించీ అంతే. నువ్వు కాస్త నచ్చజెప్పు. అది రాసిందంటే ఓనరుకి ఇంకో వంటవాడు దొరుకుతాడు, నాకు ఇంకో పొయ్యి దొరకదు."

"చెప్పాను లెండి. రాయదు. ఏవండీ, ఒక్క మాట."

"త్వరగా చెప్పు."

"మీరు అప్పుడప్పుడూ అమ్మాయికి డబ్బాలో తెస్తారు కదా. వేళ్ళు నాక్కుంటూ తింటుంది. అది కూడా..."

"ఛఛ! ఏం మాటలవి? ఇంటికి తెచ్చేది వేరే గిన్నెలో వండుతాను. ఆ పెద్ద గిన్నెలోది మన అమ్మాయి నోట్లో పెడతానా? నాకేమైనా మతి పోయిందా?"

"వేరే గిన్నె."

"అవునే. చిన్నది. మూత పెట్టి పక్కన ఉంచుతాను, ఎవర్నీ ముట్టనివ్వను. నువ్వు నిశ్చింతగా ఉండు."

"మరి దీనికి పెట్టింది?"

"దేనికి?"

"మీ చెల్లెలికి. పోయిన నెలా, ఇవాళా. ఏ గిన్నెలోది పెట్టారు?"

"అది... అది వచ్చి బల్ల దగ్గర కూర్చుంది కదా, అందరితో పాటు. బల్లల మీదకి వెళ్ళేది పెద్ద గిన్నెలోదే. దానికి విడిగా తియ్యాలని తోచలేదు. ఏమే, వింటున్నావా? రాయొద్దని చెప్పు దానికి. ఏమే?"

"పిట్టా, మూతి తుడుచుకుని ఇలా వచ్చి కూర్చో. ఫోను పెట్టెయ్యకు, ఆయన్ని విననీ. మొదటి వాక్యం నేను చెప్తాను, రాసుకో: 'ఆ వంటవాడు మా ఆయన.'"