దారిలో ఉన్న సరుకు ఎవరిది?

అందరికీ సలాం. అందరికీ నమస్కారం.

కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డవాళ్లున్నారు, మెట్ల మీద కూర్చున్నవాళ్లున్నారు. మన వడ్డీ లేని రుణ సంఘం వార్షిక సమావేశానికి ఇందులో సగం మంది కూడా ఎప్పుడూ రాలేదు. వచ్చి ఉంటే ఆయన ఎంత సంబరపడేవారో! ఇవాళ వచ్చారు. ఆయన లేరు.

మీకు ఆయన సంఘం ఆడిటరు. నాకు బావ, మా అక్క భర్త. కార్యదర్శిగా నేను మాట్లాడాలి. బావమరిదిగా ఇవాళ ఇంట్లో మా అక్క దగ్గర ఉండాల్సినవాణ్ణి. తడబడితే మన్నించండి.

మిత్రులారా, ఆయన పని ఏమిటి? కూడికలు, తీసివేతలు కాదు. అవి గుమాస్తా చూసుకునేవాడు. మన లావాదేవీ మతం చెప్పిన దారిలో నడిచిందా లేదా అన్నది ఆయన చూసేవారు. వడ్డీ మనకు నిషిద్ధం. ఒకరికి కుట్టు మిషను కావాలంటే మనం డబ్బివ్వం. మిషను మనమే కొని, కొంచెం లాభం వేసుకుని, వాయిదాల మీద వాళ్లకు అమ్ముతాం. కాగితం మీదైతే ఇది రెండు సంతకాల పని. ఆయన దగ్గర ఆ పప్పులు ఉడికేవి కావు. "కాసేపైనా ఆ వస్తువు నిజంగా మనదై ఉండాలి. పోతే మనకే పోవాలి. ఆ భయం లేకుండా తీసుకునే లాభం, పేరు మార్చుకున్న వడ్డీ" అనేవారు.

అందుకే ఏది కొన్నా స్వయంగా వెళ్లి, దాని మీద చెయ్యి వేసి, వెంట ఉండి తెచ్చేవారు. మీరంతా ఆయనకు 'తాకి చూసే సారు' అని పేరు పెట్టారు. పెట్టలేదూ? ఆయనకు తెలుసు. నవ్వుకునేవారు.

పాలాయనకు ఆవును కొన్న రోజు గుర్తుందా? పలుపు పట్టుకున్నారో లేదో, మోకాలి మీద తన్నింది. పాలాయన హడలిపోయి కాళ్లావేళ్లా పడ్డాడు. బావ నేల మీద కూర్చుని, మోకాలు రుద్దుకుంటూ, "నువ్వెందుకయ్యా క్షమాపణ చెప్పడం? నీకింకా అమ్మలేదు. తన్నింది మా ఆవే" అన్నారు. వారం పాటు కుంటుతూ నడిచారు. మందుల ఖర్చు మాత్రం సంఘాన్ని అడగలేదు.

ఇంకో సంగతి. బ్యాంకులో ఉన్న మన ఖాతాలో, వద్దన్నా ఏటా కొంత వడ్డీ పడుతుంది. ఒక ఏడు సంఘం చేతిలో చిల్లిగవ్వ లేదు. సిబ్బందికి జీతాలు ఆగాయి, ఆయన జీతమూ ఆగింది. ఇంట్లో మా అక్క పొదుపుగా గంజి కాస్తోంది. ఆ వడ్డీ ముడితే జీతాలు వచ్చేవి. ముట్టనిచ్చారా? లేదు. ఆ డబ్బుతో బస్టాండు వెనక మరుగుదొడ్లకు కప్పు వేయించారు. పేరు రాయిద్దామంటే కోప్పడ్డారు. "ఇది దానం కాదు. మనది కానిదాన్ని వదిలించుకోవడం. దానికి పుణ్యం కూడా అడుగుతామా?" అన్నారు. నాకు ఆ రోజు ఒళ్లు మండింది. మా అక్క మాత్రం ఆ రాత్రీ గంజే కాచింది.

ఇక పోయిన సోమవారం. అందరికీ తెలిసిందే, అయినా చెప్పాలి.

బేకరీ నడుపుకునే అమ్మ కోసం పిండి కలిపే యంత్రం కొన్నాం. ఎప్పటిలాగే ఆయన దాని వెంట లారీ ఎక్కారు. వాన. ఘాట్ రోడ్డు. లారీ బోల్తా పడింది. డ్రైవరు బతికాడు. యంత్రం ముక్కలైంది. మా బావను దాని కిందినుంచి తీశారు.

ఖననమైన మర్నాడే ఆ అమ్మ మా ఇంటికి వచ్చింది. నా కోసం తెస్తూ పోయారు, ఆ యంత్రం డబ్బు నేనే కట్టుకుంటానని ఏడ్చింది. ఆమె పొయ్యి వెలిగి అప్పటికి ఎన్నాళ్లయిందో నాకు తెలుసు. మన పాలకవర్గంలో కొందరికి ఆ మాట రుచించింది. ఆమే ఒప్పుకుంటోందిగా, ప్రమాదానికి ముందే అమ్మేసినట్టు పాత తేదీ వేసి అమ్మకం కాగితం మీద సంతకం తీసుకుందాం, సంఘం గట్టెక్కుతుంది అన్నారు. వాళ్లూ చెడ్డవాళ్లు కారు. మీ పొదుపు సొమ్ము గురించే వాళ్ల బెంగ.

నేను మా అక్కను అడిగాను. అంతవరకు గోడకేసి చూస్తూ కూర్చున్న మనిషి, నా వైపు తిరిగింది.

"అది మన సరుకు కాబట్టే ఆయన ఆ లారీలో ఉన్నారు. ఇప్పుడు కాదంటే, ఆయన అక్కడ ఎందుకున్నట్టు రా?"

చెప్పండి, పెద్దలారా. ఎందుకున్నట్టు?

కార్యదర్శిగా చెబుతున్నాను. ఆ యంత్రం మనది. దారిలో పోయింది మన సరుకు. ఈ ఏడు మీకెవరికీ లాభంలో వాటా రాదు. వచ్చే ఏడు కూడా రాకపోవచ్చు. యంత్రం కోసం ఆ అమ్మ ముందుగా ఇచ్చిన బయానా రేపు ఆమె ఇంటికి చేరుతుంది. కోపం వస్తే నన్ను తిట్టండి, పదవి నుంచి దింపండి. పాత తేదీ మాత్రం నా చేత్తో వెయ్యను. యంత్రం నష్టం మనం భరించగలం. ఆయన ప్రాణం ఊరికే పోయినట్టు చేస్తే, ఆ నష్టం ఎవరు తీరుస్తారు? మా అక్కకు ఏ లెక్కలో చూపించను?

ఇక లేవండి. ఆయన కోసం కాసేపు మౌనంగా నిలబడదాం.

చివరి వరుసలో తల దించుకుని కూర్చున్న అమ్మా, మీరు లేవకండి. మీరు మాకేమీ బాకీ లేరు. నిలబడాల్సింది మేము.