మల్లేశు కూత, రత్నం కూత

"కాకా, నాకంటే ముందు మన కబడ్డీ టీంల కూతకు పోయినోళ్లు మొదటి ఆటలనే పాయింట్లు తెచ్చిండ్రా?"

కూసో శ్రీనూ, ఆ ఉల్లిగడ్డల బస్త మీద కూసో. నేను గీ కోడి కడుక్కుంట చెప్త. శుక్రారం సెలవు గదా, మన లేబర్ క్యాంప్ అంతటికి బిర్యాని కావాలె.

నీకంటే ముందు ఇద్దరు. మల్లేశు, రత్నం. మల్లేశు మన మెట్‌పల్లి దిక్కు పిలగాడు, స్కాఫోల్డింగ్ పని, బిల్డింగులకు పరంజ కట్టేటోడు. పొడుగు మనిషి, పండుకుంటె కాళ్లు మంచం బయటికే ఉండేటియి. వచ్చిన రెండో వారమే నేను ఆటకు దించిన. మొదటి కూతకే ముగ్గుర్ని కొట్టిండు. కాదు, ఉండు... ఇద్దర్నే. మూడోటోడు వీన్ని చూసి ఎనుకకు జరిగి జరిగి గీత దాటిండు. క్యాంపోళ్లు మల్లేశును భుజాల మీద మోసుకొచ్చిండ్రు. నేను గూడ మెస్‌ల వానికి రెండు లెగ్‌పీసులు ఏసుడు షురూ జేసిన. అప్పట్ల కోడి గూడ అగ్గువనే ఉండె, ఇప్పటి లెక్క కాదు.

మా ఇంటామె ఫోన్ల అనేది, "దుబాయ్‌ల నువ్వు వంట చేస్తున్నవా, చెడుగుడు ఆడిపిస్తున్నవా" అని. ఇది దుబాయ్ కాదే, ఖతర్ అంటె ఇనదు. ఇరవై ఏండ్ల సంది చెప్తున్న.

ఆ, రత్నం. రత్నం గోదావరి జిల్లా. ఆఫీసుల టైమ్‌కీపరు, మన హాజరు రాసేటోడు. బక్కపలచటి మనిషి, ఇస్త్రీ షర్టు. ఒకనాడు వచ్చి "నేనూ ఆడతానండి" అన్నడు. సరే అన్న. మొదటి ఆటల కబడ్డీ కబడ్డీ అనుకుంట మంచిగనే పోయిండు. అవతల ఒకని కాలు తొక్కిండు. తొక్కి ఏమన్నడో ఎరికేనా? "సారీ అండి" అన్నడు. కూత ఆగింది గద, రిఫరీ బయటికి పొమ్మన్నడు. మన పిలగాండ్లు కడుపు పట్టుకోని నవ్విండ్రు. రెండో ఆటల ఉత్త చేతుల్తోని వచ్చిండు. మూడో ఆటల దొరికిపోయిండు. నేను అందరి ముంగటనే అన్న, "నువ్వు పుస్తకం రాసుకొనుడే మంచిది, పాయింట్లు రాయి పో" అని. "అలాగేనండి" అన్నడు. ముఖం చిన్నబోయింది. నేను చూసిన, చూసి గూడ ఊకున్న.

మల్లేశు సంగతి ఇను. వానికి ఎడమ మూలకు దుంకే ఎత్తు ఒక్కటే వచ్చు. రెండు నెలలు గెలిపిచ్చింది. తర్వాత అందరికీ తెలిసింది, ఎడమ మూలకే కాసుకోని నిలవడిరి. నేర్చుకోరా అంటె, "కాకా, నాకు ఒకరు నేర్పాల్నా" అనేటోడు. లెగ్‌పీసుల మహిమ.

ఇగ అల్ వక్రా ఊర్ల కప్పు కోసం ఆఖరి ఆట. మల్లేశు పోయినప్పుడల్లా దొరుకుడే. ఒక్క పాయింటు ఎనుక ఉన్నం, ఒక్క కూత మిగిలింది. మల్లేశు నా దగ్గరికి వచ్చి, "కాకా, నాతోని కాదు. రత్నంను పంపు" అన్నడు. నేను వద్దన్న. వాడు పోయి బయట కూసున్నడు. ఏం జెయ్యాలె, పాయింట్లు రాసుకుంట కూసున్న రత్నం దిక్కు చూసిన. ఆయన షర్టు ఇప్పి మడత పెట్టి కుర్చీ మీద పెట్టిండు. కప్పు పోతుంటె మడత పెడుతుండు, చూడు.

పోయే ముంగట నాతోని మెల్లగ అన్నడు, "అవతల ఆ లావాటాయన పట్టుకునే ముందు ఒకసారి కళ్ళు మూస్తాడండి. రాసుకున్నాను" అని. పాయింట్లే కాదు బిడ్డా, ఎవడు ఏ కాలు ముందు పెడతడు, ఎవనికి దమ్ము చాలదు, అన్నీ రాసుకున్నడు. పోయిండు. లావాటోడు కండ్లు మూసిండు. రత్నం కాలి వేలుతోని గిట్ల ముట్టిచ్చి ఉరికొచ్చిండు, కూత ఇడువలేదు. ఇద్దరికీ సమానమైంది. కప్పు ఆర్నెల్లు మన దగ్గర, ఆర్నెల్లు వాళ్ల దగ్గర అన్నరు. మల్లేశే పోయి రత్నంను ఎత్తుకున్నడు. ఆ ఎనుక మల్లేశు రోజూ రత్నం దగ్గర కూసోని ఆట నేర్చుకున్నడు. అప్పుడు అయిండు వాడు అసలు ఆటగాడు.

నేను మాత్రం రత్నంకు ఏం చెప్పలే. తప్పైంది అని ఒక్క మాట అనాల్సి ఉండె. ఇయ్యాల అందాం, రేపు అందాం అనుకుంట ఉంటి. ఆయన వేరే కంపెనీకి పోయిండు. నంబరు గూడ మారింది.

పొద్దుగాల ఆటల నువ్వు రెండుసార్లు దొరికితె, వంద మందిల నిన్ను "బస్సెక్కి కూసో పో" అన్న గదా. అనకుండ ఉండాల్సింది బిడ్డా. తప్పైంది నాకు. ఏం అనకు, ఊకో. నీ దమ్ము నిండుగుండాలె, నీ కాళ్లు సల్లగుండాలె, మీ అమ్మకు నీ మంచి కబురే అందాలె... పో, తానం జేసి రా. ఆకలైతుంటది.