కనుబొమలతో చెప్పిన జవాబు

ఆర్కిటిక్ తీరంలోని ఆ పల్లెకంతా నర్సు ఒక్కతే. మూడు నెలల కాంట్రాక్టు మీద దక్షిణం నుంచి వచ్చిన ఆమె మధ్యాహ్నం విమానానికి ఆసుపత్రి గదిలో పెట్టె సర్దుకుంటుంటే, తొమ్మిది రోజుల కిందట భర్తను పోగొట్టుకున్న ముసలావిడ లోపలికొచ్చి బల్ల మీద కూర్చుంది.

"గడువు తీరకుండానే పోతున్నావటగా, అమ్మాయ్?"

"ఉండలేనవ్వా. ఆ రోజు గుండెల్లో నొప్పి ఉందా అని తాతని రెండుసార్లు అడిగాను. ఆయన పలకలేదు. నొప్పి లేదని రాసుకుని ఇంటికి పంపేశాను."

"ఉందన్నాడు. రెండుసార్లూ కనుబొమలు ఎగరేశాడు. మాకు అవునంటే అదే."

"ఆ సంగతి ఆయన పోయాకే తెలిసింది."

"నోటితో చెప్పి చావొచ్చుగా! ఆయన నోరు తెరిచేది తిండికీ, కుక్కల్ని తిట్టడానికీను."

నర్సు నవ్వబోయింది. ఏడుపొచ్చింది.

"నన్ను తిట్టడానికి వచ్చారా, అవ్వా?"

"ఇంట్లో కూచుని వారం రోజులు తిట్టాను. నోరు నొప్పెట్టింది. ఇప్పుడు వేరే పని మీదొచ్చాను. నువ్వు పోతే ఇంకో పిల్లని పంపుతారు. దానికీ ఏమీ తెలీదు."

"కాగితం మీద రాసి గోడకి అంటిస్తాను."

"నీకు ముందున్నామె కూడా అంటించింది. చదివావా?"

నర్సు తల దించుకుంది.

"నీకు నేర్పి మా ఆయన పోయాడు. వచ్చే పిల్ల ఎవరి మొగుడి దగ్గర నేర్చుకోవాలి, చెప్పు?"

నర్సు పెట్టె మూత వేయబోయి ఆగింది. అవ్వ తలుపు వైపు చూపించింది.

"బయట ఇద్దరు కూచున్నారు. ఒకామె చంటిదాన్ని తెచ్చింది."

"రమ్మనండి, అవ్వా," అంటూ నర్సు పెట్టెను బల్ల కిందికి నెట్టేసింది.