ముందుమాట మీద తొమ్మిది నిమిషాలు

ప్లోవ్‌దివ్ నగరంలో ఒక వంటల పత్రిక కాగితం మానేసి ట్యాబ్లెట్‌లోకి మారి నెల కాలేదు. ఇరవై రెండేళ్ళుగా అందులో పచ్చళ్ళ పేజీ రాస్తున్న రుమ్యానాని కొత్త డైరెక్టర్ తన గదికి పిలిచాడు. ఎందుకో ఆమెకు ముందే తెలుసు.

“కూర్చోండి రుమ్యానా గారూ. మీ పేజీ ఆపేద్దామనుకుంటున్నాను.”

“అంత బాగుందా?”

“వేళాకోళం వద్దండీ. ఎవరు ఏ పేజీ ఎంతసేపు చూశారో ఇప్పుడు మనకు తెలిసిపోతుంది. మీ మిరపకాయల పచ్చడి దగ్గర జనం ఆగింది నలభై సెకన్లు.”

“మరి ఎక్కువసేపు ఎవరి దగ్గర ఆగారట?”

“నేను చెప్పుకోకూడదు గానీ, నా ముందుమాట దగ్గర. తొమ్మిది నిమిషాలు!”

“అరపేజీకి తొమ్మిది నిమిషాలా? కూడబలుక్కుని చదివారా?”

“మీకు అసూయ.”

“అసూయ ఎందుకు బాబూ! పాఠకుల ఉత్తరాలు చూసేది నేనే కదా. ఈ వారం రెండు వందల మంది ఒకటే అడిగారు, ఆ నవ్వుతున్న పెద్దమనిషి ఫొటో ఉన్న పేజీ మూసేదెలా అని. అక్కడ మూసే గుర్తు పనిచేయడం లేదట. ఒకావిడ విసుగెత్తి ట్యాబ్లెట్‌ని దిండు కింద దాచేసిందట.”

ఆయన ముఖం కందగడ్డయింది. గొంతు తగ్గించాడు.

“ఈ సంగతి యజమానులకు తెలుసా?”

“ఇంకా తెలీదు.”

“అయితే మీ పేజీలో కూడా ఆ గుర్తు తీయించేస్తాను. మీ ఉద్యోగమూ నిలబడుతుంది.”

రుమ్యానా లేచి నిలబడింది. ఇన్నేళ్ళ పేజీ పోతుందని మనసు పీకుతూనే ఉంది.

“వద్దు బాబూ. నా పాఠకులు పొయ్యి మీద మిరపకాయలు పెట్టి నా పేజీ తెరుస్తారు. మాడిపోతాయి, వెళ్ళనివ్వండి.”