సత్తు గిన్నెలో నానిన కండెలు

నా పేరు చిందం లింగమూర్తి. తండ్రి పేరు సాంబమూర్తి, ఆయన ఇప్పుడు లేరు. వయసు ముప్పై తొమ్మిది. కులం పద్మశాలి, వృత్తి చేనేత. వరంగల్‌లో నేతగాళ్ల వాడలో మా తాత కట్టిన గూనపెంకుల ఇంట్లో ఉంటాను. ఏడో తరగతి దాకా చదివాను. ఈ రోజు 1987 ఏప్రిల్ 11, శనివారం, సాయంత్రం నాలుగు గంటలకు పోలీసు స్టేషన్‌లో ఎస్సై గారి ముందు, ఇద్దరు పంచుల సమక్షంలో చెబుతున్నాను. నన్ను ఎవరూ కొట్టలేదు, బెదిరించలేదు. దవాఖానా నుంచి నేనే ఆటో ఎక్కి వచ్చాను.

నా భార్య సరోజన ఈ ఉదయం నుంచి హనుమకొండలో దవాఖానాలో ఉంది. నోట్లో గొట్టం వేశారు. మాట లేదు. మొగుడూ పెళ్లాలకు పడదు కాబట్టి నేనే మందు పెట్టి చంపబోయానని వాడలో అంటున్నారట. నేను మందు పెట్టలేదు. కానీ మందు నాదే. అది ఎలా జరిగిందో చెబుతాను.

నిరుడు దీపావళి తర్వాత సొసైటీ వాళ్లు ఇంటికి ఒక మగ్గానికే నూలు ఇస్తామన్నారు. రెండో మగ్గం విప్పి అటక మీద పెట్టాను. వెనుక గది ఖాళీ అయింది. ఖాళీ గది చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆ రోజుల్లో ఎల్లస్వామి వచ్చాడు. అతనిది మరిపెడ, లారీల మీద పనిచేస్తాడు. చాటుగా గంజాయి అమ్ముతాడని నాకు ముందే తెలుసు.

“కొత్త చట్టం వచ్చినంక రోడ్డు మీద చెకింగులు ఎక్కువైనయన్నా. చేన్ల పెంచేటోడు పట్టుబడుతాండు. నీకు గదున్నది, కరెంటున్నది. ఇంట్లనే పెంచు. ఎవడొచ్చి చూస్తడు?” అన్నాడు.

నేను సరేనన్నాను. పడుగులో ఒక్క పోగు తెగితే చప్పుడును బట్టే చెప్పగలను, నాలుగు మొక్కలు పెంచలేనా అనుకున్నాను. ఆ పొగరు నాకు మొదటి నుంచీ ఉంది. కప్పులో పెంకులు తీసి అద్దం పెంకులు వేయించాను. వెలుతురు చాలక ట్యూబులైట్లు కట్టాను. వాసన బయటికి పోతుందని కిటికీకి దుప్పటి కొట్టాను. లోపల ఇటుకబట్టీలా ఉండేది. మొక్కలు మాత్రం బాగా లేచాయి.

సంక్రాంతి దాటాక సరోజన చూసింది. అరవలేదు. వాకిట్లోకి వచ్చి కూర్చుంది.

“ఇంట్ల మగ్గం పెట్టుకొని గిదేం పనయ్యా? జైలుకు పోతవు. గవి ఉన్నన్ని దినాలు నేనీ ఇంట్ల ఉండ” అంది. ఆ రోజే పరకాలలో వాళ్ల అమ్మగారింటికి వెళ్లిపోయింది. నేను ఆపలేదు.

ఆమె వెళ్లాక ఆకుల మీద తెల్లటి చుక్కలు కనిపించాయి, బొంబాయి రవ్వ చల్లినట్టు. దుమ్ము అనుకుని తుడిచాను. పోలేదు. తర్వాత కొమ్మల మధ్య సన్నటి దారాలు వచ్చాయి. ఎంత సన్నమంటే, మా వాడలో ఎవరి రాట్నం మీదా అంత సన్నటి పోగు నేను చూడలేదు. మా అమ్మ మగ్గం గదిలో సాలెగూడు దులపనిచ్చేది కాదు. “మన పనే చేస్తాంది బిడ్డా, దాని జోలికి పోకు” అనేది. అందుకని నేనూ దులపలేదు. మంచి శకునం అనుకున్నాను కూడా. రోజూ వెళ్లి ఆ దారాలు చూసేవాణ్ణి. నాకు నచ్చాయి. ఉన్నమాట చెబుతున్నాను.

ఎల్లస్వామి వచ్చి చూసి తల పట్టుకున్నాడు. నా భుజం మీది తెల్ల తువ్వాల తీసుకుని దాని మీద ఒక ఆకు దులిపాడు. తువ్వాల మీద ఆవగింజలో సగం కూడా లేని ఎర్ర చుక్కలు పడ్డాయి. చూస్తుండగానే నడిచాయి.

“గిది సాలెపురుగు కాదన్నా, ఎర్రనల్లి. మిరపతోటల ఎన్నడు చూడలేదా? ఆకు కింద కూసొని రసం పీలుస్తది. వారంల నీకు పుల్లలే మిగులుతయ్” అన్నాడు.

అప్పటి నుంచి తెల్ల నూలు మీద ఏ మచ్చ కనిపించినా మగ్గం ఆపేవాణ్ణి. నడుస్తుందేమోనని చూసేవాణ్ణి.

ఎల్లస్వామి పత్తికి కొట్టే మందు ఒకటి తెచ్చిచ్చాడు. కొట్టాను. ఈగలు చచ్చాయి, చీమలు చచ్చాయి, గోడ మీద ఎప్పుడూ ఉండే బల్లి కిందపడి చచ్చింది. నల్లి చావలేదు. ఇంకా పెరిగింది. చివరి కొమ్మల మీద దారాలు ముసుగులా కమ్ముకున్నాయి. వాటి మీద నల్లి గుంపులు గుంపులుగా కదిలేది. గదిలోకి వెళితే ఒళ్లంతా పాకుతున్నట్టు ఉండేది. బయటికి వచ్చి స్నానం చేసినా పోయేది కాదు. అప్పుడే అన్నీ పీకి తగలబెట్టాల్సింది. కానీ కంటికి ఆనని పురుగు చేతిలో ఓడిపోవడమా అని పట్టుదల వచ్చింది.

ఇంతలో ఉగాది వచ్చింది. ఒంటరిగా ఉండలేక పరకాల వెళ్లి సరోజనను రమ్మన్నాను.

“పీకేసినవా?” అని అడిగింది.

“పీకేసిన” అన్నాను.

“నా మీద ఒట్టు?”

ఒట్టు పెట్టాను. ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాను.

వెనుక గదికి తాళం వేసి చెవి మొలతాడుకు కట్టుకున్నాను. పాత సామానుందని, ఎలుకలున్నాయని చెప్పాను. వాసనేంటంటే మంచాల నల్లులకు మందు కొట్టానన్నాను. ఆమె నమ్మింది. నమ్మి మగ్గం ఎక్కింది.

నిన్న శుక్రవారం మధ్యాహ్నం సరోజన నూలు తేవడానికి సొసైటీకి వెళ్లింది. ఎల్లస్వామి పంపిన కొత్త మందు సీసా నా దగ్గర ఉంది. దాని మీద మోనోక్రోటోఫాస్ అని ఉంది, పుర్రె బొమ్మ కూడా ఉంది. మందు కొట్టే పంపు చప్పుడు పక్కింటికి వినబడుతుందని పంపు వాడలేదు. సీసా మీద రాసినదానికంటే చాలా చిక్కగా సత్తు గిన్నెలో కలిపి, పడుగుకు గంజి పట్టించే కుంచెతో ఒక్కో ఆకు తిప్పి కింద పూశాను. సరోజన అనుకున్నదానికంటే ముందే వచ్చింది. వీధిలో ఆమె గొంతు వినగానే గదికి తాళం వేశాను. గిన్నె బావి దగ్గర కడిగాను. కడిగి గోడ పక్కన పెట్టాను.

ఆ సత్తు గిన్నె మాకు కండెలు నానబెట్టే గిన్నె. కండె అంటే పేక నూలు చుట్టిన చిన్న గొట్టం. తడి నూలైతే నేత గట్టిగా కూర్చుంటుంది. అందుకని రాత్రి నానబెట్టి పొద్దున నేస్తాం. కండెను నాడెలో పెడతాం. పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తేది ఆ నాడె. దాని పక్కన చిన్న కన్నం ఉంటుంది. ఆ కన్నానికి నోరు పెట్టి గట్టిగా పీలిస్తే లోపలి పోగు బయటికి వస్తుంది. కండె అయిపోయిన ప్రతిసారీ అలా పీల్చాలి. మా వాడలో అందరూ అంతే చేస్తారు. ఎస్సై గారు ఇది తెలియదన్నారు కాబట్టి వివరంగా చెప్పాను. మాకు రెండిళ్ల అవతల యాకమ్మ అని ఒంటరి ముసలామె ఉంది. పళ్లు లేవు కాబట్టి ఆమె పీలిస్తే వీధంతా వినబడుతుంది. “యాకక్క చాయ తాగుతాందా, నాడె ఎక్కిస్తాందా?” అని సరోజన నవ్వేది.

నిన్న రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కోవడానికి లేచాను. సత్తు గిన్నె నిండా కండెలు నానుతున్నాయి. చూశాను. నిలబడి చూశాను.

“గట్ల చూస్తానవేంది?” అని సరోజన అడిగింది.

ఆ గిన్నె వద్దని చెబితే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే ఒట్టు సంగతి బయటపడుతుంది. మళ్లీ పరకాల పోతుంది. గిన్నె కడిగాను కదా, ఏం కాదు అనుకున్నాను. “ఏం లేదు” అన్నాను. పడుకున్నాను.

ఈ ఉదయం ఆమె నేస్తుండగా నేను చాయ తాగడానికి చౌరస్తాకు వెళ్లాను. వచ్చేసరికి మగ్గం చప్పుడు లేదు. సరోజన మగ్గం గుంటలోనే ముందుకు వాలి ఉంది. నోటి నుంచి చొంగ కారి నేసిన తువ్వాల మీద పడుతోంది. ఒళ్లంతా చెమట. కంటి పాపలు గుండుసూది మొనంత అయ్యాయి. చేతుల కండరాలు వాటంతట అవే అదురుతున్నాయి. ఎత్తుకుని ఆటోలో వేశాను. దారిలో ఒక్కసారి కళ్లు తెరిచింది.

“కండెలు... యాకక్క...” అంది.

ఈ స్థితిలో కూడా పని మీదే ధ్యాస అనుకున్నాను. “కండెల ఫికర్ నీకెందుకు, నేను చూసుకుంట” అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. తర్వాత మాట్లాడలేదు.

డాక్టరమ్మ కళ్లు చూడగానే పురుగుల మందు అంది. “ఏం మందు? ఎంత తాగింది? ఎప్పుడు తాగింది?” అని అడిగింది. తెలియదన్నాను. మళ్లీ అడిగింది. తెలియదన్నాను. మందు పేరు చెబితే గది బయటపడుతుందని భయం. మధ్యాహ్నం సరోజనకు ఊపిరి ఆగి, గొట్టం వేశారు. అప్పుడు చెప్పాను. డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. నేను స్టేషన్‌కు వచ్చి గది తాళంచెవి ఇచ్చాను. పోలీసువారు వెళ్లి మొక్కలు, సీసా, కుంచె, గిన్నె స్వాధీనం చేసుకున్నారు. గంజాయికి ఎంత శిక్ష వేసినా నాకు అభ్యంతరం లేదు.

ఇంతవరకు రైటర్ గారు చదివి వినిపించారు. సరిగ్గానే ఉంది. తర్వాత పంచనామా కూడా చదివారు. అందులో సత్తు గిన్నె ఖాళీగా ఉందని, మగ్గం దగ్గర ఖాళీ కండె ఒకటి, నాడెలో సగం వాడిన కండె ఒకటి ఉన్నాయని రాశారు.

రాత్రి నేను చూసినప్పుడు గిన్నె నిండా కండెలున్నాయి. మిగతావి ఎక్కడికి పోయాయి?

అయ్యా, మా వాడలో ఒకరి పని ఆగితే ఇంకొకరు కండెలు సర్దుతారు. యాకమ్మకు రాట్నం తిప్పే ఓపిక లేదు. సరోజన చుట్టినప్పుడల్లా ఆమెకూ చుట్టి, నానబెట్టి, పొద్దున్నే ఇచ్చివస్తుంది. ఆటోలో సరోజన చెప్పింది పని గురించి కాదు. నాకు అర్థం కాలేదు. ఆమెకు అప్పటికే తెలిసింది, నాకు చెప్పింది, నేను చూసుకుంటానన్నాను.

పైన రెండు చోట్ల గిన్నె కడిగానని చెప్పాను. అది కొట్టివేయండి. కడగలేదు. సరోజన గొంతు వినగానే పైపైన పారబోసి గోడ పక్కన పెట్టాను. అడుగున మందు మిగిలే ఉంది. ఆమె దాని మీదే నీళ్లు పోసి ఉంటుంది.

ఎస్సై గారు వెంటనే ఇద్దరు కానిస్టేబుళ్లను జీపులో పంపారు. యాకమ్మ ఇంటి గుర్తులు చెప్పాను. నీలం తలుపు, ముందు వేపమొక్క. ఆమెకు పిల్లలు లేరు. పొద్దుగూకేదాకా ఆ తలుపు ఎవరూ తట్టరు. వాళ్లకు ఒక్కటే మాట చెప్పాను. లోపల మగ్గం ఆడుతుంటే ఆపమనండి. ఆడకపోతే తలుపు పగలగొట్టండి.

జీపు ఇంకా రాలేదు. నేను చెప్పినదాంట్లో కొట్టివేయమన్న ఆ ఒక్క మాట తప్ప మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెప్పాను. చదివి వినిపించగా విని, తెలిసి, సంతకం చేస్తున్నాను.

(సంతకం) చిందం లింగమూర్తి

పంచులు:
1. (సంతకం) వడ్నాల వెంకటరాజం
2. పోశయ్య ఎడమచేతి బొటనవేలి ముద్ర