తాత నడిపిన విమానం

బీజింగ్ శివార్లలోని మ్యూజియంలో, పాత యుద్ధ విమానాల వరసలో ఒక ముసలి జంట నడుస్తోంది. ఆమె చేతిలో ఫోను, ఆయన చేతిలో టీ ఫ్లాస్కు.

"ఇక్కడ నిలబడు ముసలాయనా, ఫోటో తీస్తా. తాత నడిపిన విమానం చూపించమని మనవరాలు యాన్‌యాన్ నా ప్రాణం తోడేస్తోంది."

"ఇది నాది కాదే. నాది ఇంకాస్త పొడుగు."

"ఇందాకటిదేమో మరీ పొడుగన్నావు. షెన్యాంగ్ మ్యూజియంలో చూసినదానికి ముక్కు బాగాలేదన్నావు."

"పైలట్‌కి తన విమానం చూడగానే తెలిసిపోతుందే!"

"అయితే ఆ షెడ్డు వెనక్కి రా. నీది నాకు కనిపించింది."

"అక్కడ విమానాలెక్కడున్నాయి? ఏదో పాత లారీ ఉంది."

"లారీ మీద జెట్ ఇంజను కూడా ఉంది. రన్‌వే మీద మంచు ఊదేసేది. నువ్వు నడిపింది దాన్నే కదా?"

"నీకు... ఎప్పుడు తెలిసింది?"

"పెళ్ళికి ముందే. మంచు పడితే పైలట్లందరికీ సెలవు, సినిమాకొచ్చి కూర్చునేవాళ్ళు. నువ్వొక్కడివే మంచు పడ్డరోజు పనుందని కబురు పెట్టేవాడివి."

"మరి తెలిసీ నన్నెందుకు చేసుకున్నావే?"

"పైలట్ని చేసుకుంటే ఎప్పుడు పైనుంచి పడతాడోనని రోజూ గుండెదడ. లారీ డ్రైవరైతే చక్కగా ఇంటికొస్తాడు. ఊ, దాని పక్కన నిలబడు."

ఆయన ఫ్లాస్కు కింద పెట్టి, టోపీ సర్దుకుని, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"ఇదిగో, ఇంజను మొత్తం రావాలి. లారీ మాత్రం ఫోటోలో పడకుండా చూడు."